పాత బండిలో కూలెంట్ రోజూ కొంచెం తగ్గుతోందా? లీకును వెతికే పద్ధతి

యాసంగి వరి కోతలు మొదలైతే మన ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పాత లారీలకు, డీసీఎంలకు తీరిక ఉండదు. మిర్యాలగూడ మిల్లులకు ధాన్యం, బాదేపల్లి యార్డుకు వేరుశనగ, బాటసింగారం పండ్ల మార్కెట్‌కు బత్తాయి వెళ్తుంటాయి. బండికి పని ఎక్కువగా ఉండే ఈ రోజుల్లోనే ఎండ కూడా 40 డిగ్రీలు దాటుతుంది. ఇంజిన్ చల్లదనంలో చిన్న లోపం ఉన్నా అప్పుడే బయటపడుతుంది.

చాలామంది రైతులు చెప్పే మాట ఒకటే: "పొద్దున మూత తీస్తే చెంబెడు నీళ్లు తక్కువ ఉంటాయి సార్, పోసుకుని పోతున్నం." నాకు తెలిసిన ఒక బత్తాయి రైతు ఒక సీజనంతా ఇలాగే బోరు నీళ్లు పోసుకుంటూ బండి నడిపారు. చివరకు లోడుతో దారిలో ఇంజిన్ వేడెక్కి హెడ్ వంగిపోయింది. రిపేరు ఖర్చు ఒక ఎత్తు, ఎండలో నిలిచిపోయిన కాయ నష్టం మరో ఎత్తు. ఇంజిన్ నీళ్లను తాగదు. తగ్గిన ప్రతి చెంబూ ఎక్కడికో పోతోంది. ఎక్కడికి పోతోందో తెలుసుకునే పద్ధతిని వరుసగా వివరిస్తాను. చాలా భాగం మీరే ఇంటి దగ్గర చేసుకోవచ్చు.

ముందుగా జాగ్రత్తలు

• వేడి మీద రేడియేటర్ మూత ఎప్పుడూ తీయవద్దు. లోపల ఒత్తిడి ఉండడం వల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. పై హోస్ పైపును చేత్తో హాయిగా పట్టుకోగలిగేంత చల్లారాకే మూత తీయాలి.
• బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డు పెట్టండి. ఇంజిన్ నడుస్తుండగా వంగి చూసేటప్పుడు మెడలో తువ్వాలు, వేలాడే బట్టలు ఉండకూడదు. ఫ్యాన్ లాగేస్తుంది.
• కూలెంట్ విషం. కొంచెం తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పశువులు తాగే ప్రమాదం ఉంది. కారిన కూలెంట్‌ను తొట్టిలో పట్టి, పశువులకు, పిల్లలకు అందకుండా ఉంచాలి. రుచి చూసి గుర్తుపట్టే అలవాటు మానుకోండి.

1. ఎంత తగ్గుతోందో కొలవండి

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, రోజూ ఒకే సమయంలో, ఒకే చోట మట్టం చూడండి. అదనపు నీటి డబ్బా ఉంటే మట్టం దగ్గర పెయింటుతో గీత పెట్టండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని నీళ్లు పోశారు అన్నది చిన్న పుస్తకంలో రాసుకోండి. వారం రోజుల లెక్క చేతిలో ఉంటే మెకానిక్ పని కూడా సగం తేలికవుతుంది.

డబ్బా లేని పాత బండ్లలో ఒక విషయం గమనించాలి. అంచు దాకా నింపితే, వేడికి పెరిగిన నీరు పక్క గొట్టం నుంచి బయటికి పోతుంది. అది లీకు కాదు. రెండు మూడు రోజులు నింపకుండా చూడండి, కానీ నీళ్లు లోపలి ట్యూబుల పైభాగం కంటే కిందికి పోనీయవద్దు. మట్టం ఒక చోట ఆగిపోతే లీకు లేనట్టే. అక్కడి నుంచి కూడా తగ్గుతూ పోతే లీకు ఉన్నట్టు.

2. మూత, డబ్బా చూడండి

ఖర్చు తక్కువ, తప్పు ఎక్కువ దొరికే చోటు ఇదే. మూతలోని రబ్బరు గట్టిపడినా, చీలినా, స్ప్రింగు వదులైనా ఒత్తిడి నిలవదు. నీరు ముందే మరిగి బయటికి పోతుంది. కొత్త మూత కొనేటప్పుడు పాత మూత మీద ఉన్న అంకెనే చూసి తీసుకోవాలి. అంతకంటే ఎక్కువ ఒత్తిడి మూత పెడితే పాత పైపులు, రేడియేటర్ తట్టుకోలేవు. డబ్బాకు పగులు ఉందా, మూతకూ డబ్బాకూ మధ్య సన్న గొట్టం చిల్లు పడిందా కూడా చూడండి.

3. బయటి లీకు వెతకండి

నెమ్మదిగా కారే లీకు పగలు కనిపించదు. వేడి ఇంజిన్ మీద పడిన చుక్క వెంటనే ఆరిపోతుంది. అందుకే రాత్రి బండి నిలిపాక ఇంజిన్ కింద శుభ్రమైన అట్టముక్క పరచండి. పొద్దున చుక్క ఎక్కడ పడిందో చూసి, అక్కడి నుంచి పైకి వెతుకుతూ వెళ్లండి. చుక్క పడిన చోటికి సరిగ్గా పైనే లీకు ఉండాలని లేదు. గాలికి, ఫ్యాన్‌కు నీరు వెనక్కి జారుతుంది. తడి మరకలో అన్నిటికంటే ఎత్తున ఉన్న చోటే అసలు లీకు.

నీరు ఆరినా గుర్తు మిగులుతుంది. బోరు నీళ్లయితే తెల్లటి సున్నపు చార, కూలెంట్ అయితే దాని రంగు పొడి, ఇనుము దగ్గర తుప్పు చార కనిపిస్తాయి. టార్చిలైటుతో ఈ వరుసలో చూడండి:

• హోస్ పైపులు, క్లిప్పులు: పైపును నొక్కి చూడండి. ఉబ్బినా, పగుళ్లు ఉన్నా మార్చాలి. కొన్ని క్లిప్పులు వేడిలో బాగుండి, రాత్రి చల్లారాక రబ్బరు కుదించుకుంటే కారుతాయి.
• రేడియేటర్: పై, కింది ట్యాంకుల అతుకులు, ట్యూబుల మొదళ్లు, బిగింపు పట్టీల దగ్గర ఒరిపిడి.
• వాటర్ పంపు: పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోతే నీరు అక్కడి నుంచి వస్తుంది. దాన్ని పుల్లతోనో ఎం-సీల్‌తోనో మూయవద్దు. అది రానున్న చెడును ముందే చెప్పే గుర్తు.
• థర్మోస్టాట్ మూత, ఇంజిన్ పక్కన కోర్ ప్లగ్గులనే గుండ్రటి బిళ్లలు: తుప్పు తిని సన్నగా కారుతాయి. వెనక వైపు బిళ్లలు అద్దం పెట్టి చూస్తే తప్ప కనిపించవు.

4. ప్రెషర్ పరీక్ష చేయించండి

ఇంతవరకు ఏమీ దొరకకపోతే రేడియేటర్ షాపుకు వెళ్లి చేతి పంపుతో చేసే ప్రెషర్ పరీక్ష అడగండి. చల్లని ఇంజిన్‌లో నీళ్లు నింపి, మూత స్థానంలో పంపు బిగించి, మూత మీద రాసిన ఒత్తిడి వరకే గాలి ఎక్కించాలి. 15 నిమిషాలు ముల్లు కదలకుండా నిలవాలి. ముల్లు దిగుతుంటే బయట తడి వెతకండి. ముల్లు దిగినా బయట ఎక్కడా తడి లేకపోతే నీరు ఇంజిన్ లోపలికి పోతోందని అనుమానించాలి. ముల్లు నిలిచినా నీళ్లు తగ్గుతూనే ఉంటే, ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు మరోసారి పరీక్ష చేయించాలి.

5. లోపలి లీకు గుర్తులు

• ఆయిల్ గేజి కడ్డీ మీద ఆయిల్ మజ్జిగ రంగులో ఉండడం, లేదా పోయకుండానే ఆయిల్ మట్టం పెరగడం. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కొంచెం తెల్ల నురగ ఉంటే చలికాలపు చెమ్మ కావచ్చు, కడ్డీని చూసే నిర్ణయించాలి.
• ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకపోవడం.
• చల్లని ఇంజిన్‌ను మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా రావడం, లేదా మూత పెట్టి స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే పై హోస్ రాయిలా గట్టిపడడం.
• కూలెంట్ మీద ఆయిల్ తెట్టు. ఆయిల్ కూలర్‌లో చిల్లు ఉన్నా ఇలా వస్తుంది.

వీటికి హెడ్ గ్యాస్కెట్, పగిలిన హెడ్, లైనర్ కింది రబ్బరు రింగులు కారణం కావచ్చు. ఆయిల్ మజ్జిగలా మారితే ఇక స్టార్ట్ చేయవద్దు. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. బండిని లాగించుకుని షాపుకు తీసుకెళ్లండి.

6. మన బోరు నీళ్ల సంగతి

నల్గొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తుకొస్తుంది. రేడియేటర్‌ను దెబ్బతీసేది మాత్రం నీళ్లలోని సున్నం, ఉప్పు. నీరు వేడెక్కినప్పుడు సున్నం సన్నని ట్యూబుల్లో పొరగా పేరుకుంటుంది, ఉప్పు లోహాన్ని తింటుంది. రోజూ చెంబెడు పోస్తే రోజూ కొత్త సున్నం చేరుతుంది. అంటే చిన్న లీకును బోరు నీళ్లతో నడిపిస్తే రెండో రోగాన్ని తెచ్చుకున్నట్టే. కలిపి అమ్మే కూలెంట్ గానీ, డిస్టిల్డ్ నీటిలో సమానంగా కలిపిన కూలెంట్ గానీ వాడండి. డిస్టిల్డ్ నీరు దొరకని చోట ఊరి ప్లాంటులోని ఆర్‌వో నీరు బోరు నీటి కంటే ఎంతో మేలు. రంగు ఒకటే అని వేర్వేరు కూలెంట్లు కలపవద్దు. బండి పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి.

చేయకూడనివి

• రేడియేటర్‌లో పసుపు, లీకు ఆపే పొడులు వేయడం. చిల్లుతో పాటు మంచి ట్యూబులు కూడా మూసుకుపోతాయి.
• థర్మోస్టాట్ తీసేసి నడపడం. లీకు పోదు, ఇంజిన్ సరైన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది.
• మీటరు ముల్లును మాత్రమే నమ్మడం. నీళ్లు సెన్సర్ కంటే కిందికి తగ్గితే ముల్లు మామూలుగానే చూపవచ్చు, లోపల ఇంజిన్ కాలిపోతుంటుంది.

దారిలో వేడెక్కితే

బండిని పక్కకు ఆపి ఇంజిన్ ఆపేయండి. మూత ముట్టుకోవద్దు, ఇంజిన్ మీద చల్లని నీళ్లు గుమ్మరించవద్దు. హెడ్ పగులుతుంది. పూర్తిగా చల్లారాక మూత తీసి, కొద్దికొద్దిగా నింపండి. అప్పుడు దొరికిన నీళ్లేవైనా పోసి గట్టెక్కవచ్చు, కానీ ఇంటికి చేరాక వ్యవస్థను కడిగించి సరైన కూలెంట్ నింపాలి. తరువాతి లోడు కంటే ముందే లీకు వెతకాలి.

ఈ పనులన్నిటికీ సరైన సమయం కోతలకు నెల ముందు. వారం రోజుల లెక్క, ఒక అట్టముక్క, ఒక టార్చిలైటుతో మొదలుపెట్టండి. బండిని ఇంటి దగ్గర ఒక రోజు నిలిపితే ఒక కిరాయి పోతుంది. లోడుతో రోడ్డు మీద నిలిచిపోతే పంట డబ్బులు కూడా పోతాయి.