చెవులున్న బిస్కెట్లు

స్పాంజి కోసం సముద్రంలో దిగిన ఒకతను పైకొచ్చి ఒక మాట చెప్పాడు. ఆ మాట పట్టుకుని వెళితే 3,300 ఏళ్ల నాటి ఓడ దొరికింది. టర్కీలోని విహార పట్టణం బోద్రుమ్ కోటకు ఆ ఓడ సరుకు ఎలా చేరిందో చెప్పే యథార్థ గాథ ఇది.

1982 వేసవి. టర్కీ దక్షిణ తీరంలో కాష్ పట్టణానికి ఎనిమిదిన్నర కిలోమీటర్ల దూరాన ఒక కొండకొన సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. పేరు ఉలుబురున్. వాళ్ల భాషలో ‘బురున్’ అంటే ముక్కు. ఆ పెద్ద ముక్కు కింద నీళ్లలో దిగాడు మెహ్మెత్ చాకిర్. అతనిది బోద్రుమ్ దగ్గరి యాలికవాక్. సముద్రం అడుగున రాళ్లను పట్టుకుని పెరిగే స్పాంజిని కోసుకురావడం అతని బతుకుతెరువు.

కొన్ని మీటర్లు దిగేసరికే నీళ్లలో ఎరుపు రంగు మాయమవుతుంది. ఇంకా దిగితే పసుపూ వెలిసిపోతుంది. నలభై మీటర్లు దాటాక అంతా నీలమే. అక్కడ వేలు కోసుకుంటే నెత్తురు ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఒంట్లో చేరే నైట్రోజన్ కల్లు తాగినట్టు మత్తెక్కిస్తుంది. తొందరపడి పైకొస్తే అదే నైట్రోజన్ నెత్తుట్లో బుడగలు కట్టి కాళ్లు పడగొడుతుంది, ఒక్కోసారి ప్రాణమే తీస్తుంది. టర్కీ ఈతగాళ్లు దాన్ని ‘వుర్గున్’ అంటారు. దెబ్బ అని అర్థం. ఆ దెబ్బ తిని కుంటుతూ తిరిగే మగవాళ్లు స్పాంజి ఊళ్లలో కొత్త కాదు.

అలాంటి లోతులో, వాలుగా దిగిపోతున్న రాళ్ల మీద, చాకిర్‌కు స్పాంజి బదులు మరేవో కనిపించాయి. మందపాటి లోహపు పలకలు. నాలుగు మూలలూ పట్టుకుని బయటికి సాగదీసినట్టున్నాయి. పైకొచ్చాక తన సరంగుకు వాటిని తనకు తోచిన మాటల్లోనే చెప్పాడు. చెవులున్న లోహపు బిస్కెట్లట.

వేరే పడవ అయితే నవ్వి ఊరుకునేవాళ్లేమో. ఈ సరంగుకు ఆ ఆకారం తెలుసు. పురావస్తు పరిశోధకులు తీరమంతా తిరుగుతూ చూపించిన బొమ్మల్లో అది ఉంది.

ఆ బొమ్మలు ఎందుకు గీశారో తెలియాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

డైనమైట్ తప్పిన రాగి

1953లో స్పాంజి పడవ వలలో ఒక కంచు విగ్రహం చిక్కింది. ఒక స్త్రీ తల, భుజాలు. గ్రీకుల ధాన్యదేవత దెమెతెర్ అని తర్వాత పోల్చారు. అంతవరకూ అది బోద్రుమ్ ఒడ్డున ఇసుకలో పడి ఉంది. ఇజ్మీర్ మ్యూజియంకు చేరిన ఆ విగ్రహం కథ విని, 1958లో పీటర్ త్రాక్‌మార్టన్ అనే అమెరికన్ ఫొటో జర్నలిస్టు బోద్రుమ్ వచ్చాడు. స్పాంజి పడవలో చోటు అడిగి సంపాదించాడు. పగలు వాళ్లతో పాటు నీళ్లలో దిగాడు. రాత్రి వాళ్ల పక్కన కూర్చుని కబుర్లు విన్నాడు.

ఆ కబుర్లలో ఒకటి కెమాల్ అరాస్ అనే సరంగు నోటి నుంచి వచ్చింది. గెలిదోన్యా అగ్రం దగ్గర అడుగున పాత కంచు చాలా ఉందని, రాళ్లకు అతుక్కుపోయిందని, ఈసారి డైనమైట్ పెట్టి పెళ్లగించి పాత ఇనప సామాన్ల లెక్కన అమ్మేద్దామనుకుంటున్నానని అతను చెప్పాడు. ఇందులో దాచుకోవాల్సిన తప్పేమీ అతనికి కనిపించలేదు. సముద్రం ఇచ్చింది తూకానికి వేస్తే నాలుగు రూకలు వస్తాయి. త్రాక్‌మార్టన్ మాత్రం ఉలిక్కిపడ్డాడు. పేల్చొద్దని బతిమాలుకున్నాడు.

సరంగు మాట విన్నాడు. 1960లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ విద్యార్థి జార్జ్ బాస్ బృందంతో వచ్చి దిగాడు. డైవింగ్ అతను ఆ ప్రయాణానికి ముందే నేర్చుకున్నాడు. గెలిదోన్యా దగ్గర దొరికింది క్రీ.పూ. 1200 ప్రాంతపు ఓడ. పురావస్తు పరిశోధకులు తామే మునిగి, అడుగున ఉన్న ఓడను నేల మీద తవ్వకంలాగే కొలతలతో మొదటి నుంచి చివరిదాకా వెలికితీయడం అదే మొదటిసారి.

ఆ వేసవి బాస్‌కు నేర్పిన పాఠం ఒకటుంది. ఒక స్పాంజి ఈతగాడు ఒక్క సీజన్‌లో సముద్రం అడుగున గడిపే గంటలు ఏ విశ్వవిద్యాలయమూ గడపలేదు. వాళ్లను అడగడమే దారి. అందుకే అతనూ సహచరులూ బొమ్మలు పట్టుకుని ఊరూరా తిరిగారు. ఓడ శిథిలం ఎలా ఉంటుందో, రాగి దిమ్మ ఏ ఆకారంలో ఉంటుందో చూపించారు. 1973లో సెర్చె లిమాని అనే చోట 11వ శతాబ్దపు గాజు సరుకు ఓడ జాడ చెప్పిందీ ఒక స్పాంజి ఈతగాడే.

సమాధి రాళ్ల కోట

ఇక బోద్రుమ్. తెల్ల సున్నం ఇళ్లు, గోడల మీద ఎగబాకిన కాగితంపూల తీగలు, రెండు అర్ధచంద్రాల్లాంటి రేవులు, మధ్యలో నీళ్లలోకి చొచ్చుకున్న కోట. ప్రాచీన కాలంలో దీని పేరు హాలికర్నాసస్. చరిత్రకారుడు హెరొడోటస్ పుట్టిన ఊరు. క్రీ.పూ. 480లో సలమిస్ నౌకాయుద్ధంలో పర్షియా పక్షాన సొంత ఓడలు నడిపిన రాణి ఆర్టెమిసియా ఇక్కడి పాలకురాలు. క్రీ.పూ. 353లో పోయిన రాజు మౌసోలస్ సమాధి పురాతన ఏడు వింతల్లో ఒకటి. ఘనమైన సమాధులను ఇంగ్లిష్‌లో ‘మసోలియం’ అనడం అతని పేరుతోనే మొదలైంది.

ఆ వింత ఇప్పుడు లేదు. భూకంపాలకు కూలింది. 15వ శతాబ్దం మొదట్లో సెయింట్ జాన్ యోధులు ఇక్కడ కోట కట్టారు. తర్వాత దాన్ని పటిష్ఠం చేస్తూ సమాధి రాళ్లను గోడల్లో పేర్చారు, పాలరాతిని సున్నానికి కాల్చారు. 1522లో ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ వాళ్ల కేంద్రమైన రోడ్స్ ద్వీపాన్ని గెలవడంతో యోధులు ఈ కోటనూ వదిలిపోయారు. ఒట్టోమన్ కాలం చివర్లో కోట జైలైంది. 1960ల్లో, గెలిదోన్యా సరుకు దాచడానికి చోటు కావాల్సి వచ్చినప్పుడు, నీటిలోని పురావస్తువుల మ్యూజియంగా మారింది.

1925లో ఈ ఊరికి ఒక రచయిత ప్రవాస శిక్ష మీద వచ్చాడు. పేరు జెవాత్ షాకిర్. శిక్ష తీరినా ఊరిని వదల్లేకపోయాడు. ‘హాలికర్నాసస్ జాలరి’ అని కలంపేరు పెట్టుకున్నాడు. మిత్రులను స్పాంజి పడవల్లో ఎక్కించుకుని అఖాతాల వెంట రోజుల తరబడి తిరిగేవాడు. దానికి ‘నీలి యాత్ర’ అని పేరొచ్చింది. ఇవాళ పర్యాటకులు చెక్క పడవల్లో వారం రోజులు చేసే విహారానికి మొదలు అదే. బోద్రుమ్‌ను బతికిస్తున్న రెండు ఆకర్షణలు, పడవ విహారమూ కోటలోని మ్యూజియమూ, రెండూ స్పాంజి పడవలోంచి దిగినవే.

ఇరవై నిమిషాలు

చాకిర్ మాట కోటకు చేరింది. మ్యూజియం డైరెక్టర్ ఓగుజ్ ఆల్పొజెన్ 1982 శరత్కాలంలోనే బృందాన్ని పంపాడు. ఒడ్డుకు 50 మీటర్ల దూరంలో దిమ్మలు కనిపించాయి. 1984లో బాస్ నాయకత్వంలో తవ్వకం మొదలైంది. మరుసటి ఏడాది నుంచి జెమాల్ పులాక్ పగ్గాలు పట్టాడు.

శిథిలం 44 నుంచి 52 మీటర్ల లోతున పరుచుకుంది. కొన్ని వస్తువులు ఇంకా కిందికి, 61 మీటర్ల దాకా జారిపోయాయి. అంత లోతులో ఒక్కో మునకకు పని చేసేది ఇరవై నిమిషాలే. రోజుకు రెండే మునకలు. పైకి వస్తూ దారిలో ఆగాలి, ఆక్సిజన్ పీలుస్తూ ఎదురుచూడాలి. కొండ అంచునే గుడిసెలు వేసుకుని వేసవి వెంట వేసవి అక్కడే ఉన్నారు. దిమ్మలు సముద్రపు పెచ్చుతో ఒకదానికొకటి అంటుకుపోయాయి. సుత్తీ ఉలీ పట్టుకుని, మత్తు కమ్ముతున్న తలతో, ఒక్కోదాన్ని విడదీశారు. 1994లో ముగిసేసరికి పదకొండు సీజన్లు గడిచాయి. లెక్క తేలిన మునకలు 22,413.

చాకిర్ చూసిన బిస్కెట్లు 354 తేలాయి. ఒక్కోటి సుమారు 24 కిలోలు. అంతా సైప్రస్ రాగి, వేరే ఆకారాల దిమ్మలతో కలిపి పది టన్నులు. పక్కనే ఒక టన్ను తగరం. పదికి ఒకటి, కంచు పోయడానికి సరిగ్గా ఆ పాళ్లే. ఇంకా 150 దాకా జాడీలు, వాటిలో అర టన్ను గుగ్గిలం. నీలం, ఊదా రంగుల గాజు దిమ్మలు. ఆఫ్రికా నల్లచేవ దుంగలు, ఏనుగు దంతం, హిప్పోపొటమస్ పళ్లు, ఉష్ట్రపక్షి గుడ్లు. ఈజిప్టు రాణి నెఫెర్తితి పేరు చెక్కిన బంగారు పేడపురుగు. తలకూ చేతులకూ పాదాలకూ బంగారు రేకు తొడిగిన ఒక కంచు దేవత. ఓడను కాపాడమని వెంట తెచ్చుకున్న దేవతే అయ్యుంటుంది. పదిహేను మీటర్ల పొడవున్న దేవదారు ఓడ, 24 రాతి లంగర్లు. క్రీ.పూ. 14వ శతాబ్దం చివర మునిగింది.

వీటన్నిటి మధ్య ఒక చిన్న దవడ ఎముక దొరికింది. ఎలుకది. పరీక్షిస్తే సిరియా తీరపు ఇంటెలుక జాతి అని తేలింది. ఎవరూ రమ్మనకుండా సరుకుతో పాటు ఓడెక్కి, ఏ రేవు నుంచి బయలుదేరిందో సాక్ష్యం చెప్పిన ప్రయాణికుడు.

దానిమ్మపండ్లు నింపిన ఒక గోలెంలో చెక్క పలక దొరికింది. పుస్తకంలా మడిచే రెండు రెక్కలు, మధ్యన దంతపు కీలు. లోపల మైనం పూసి, పుల్లతో గీసి రాసేవాళ్లు. ఆ మైనం మిగిలి ఉంటే ఏం రాశారో, ఎవరి బాకీయో, ఎవరికి ఏం ముట్టిందో తెలిసేది. మైనం సముద్రంలో కలిసిపోయింది. పలక ఖాళీ.

అడిగే మనిషి, చెప్పే మనిషి

కోటలో ఉలుబురున్ సరుకు ఉంచిన గదిలో ఓడ నిలువు కోత నమూనా కట్టి పెట్టారు. దిమ్మలు వరసల్లో పేర్చి ఉంటాయి. చూసేవాళ్లు బంగారం దగ్గర ఎక్కువసేపు నిలబడతారు. అరల్లో ఉన్న రాగిని చూడగానే మాత్రం బిస్కెట్టే గుర్తుకొస్తుంది. మూలలకు చెవులున్నాయి, పట్టుకుని మోయడానికి అనువుగా.

తవ్వకం సాగుతుండగానే, 1986 ప్రాంతంలో, మధ్యధరా స్పాంజికి తెగులు సోకింది. పుట్టలు పుట్టలుగా కుళ్లి రాలిపోయింది. తరాల నాటి వృత్తి కొన్నేళ్లలోనే కూలబడింది. ఈతగాళ్లు పడవలకు నీడపందిళ్లు కట్టి పర్యాటకులను ఎక్కించుకున్నారు.

ఇప్పుడు ఆ తీరం వెంట చెక్క పడవలు వరసకట్టి వెళతాయి. స్పాంజి కోసం నలభై మీటర్ల కింద రాయి రాయినీ తడిమే చేతులు లేవు. అడిగేవాళ్ల దగ్గర బొమ్మలున్నాయి, ఇప్పుడు కొత్త యంత్రాలూ ఉన్నాయి. పైకొచ్చి ఊపిరి పీల్చుకుంటూ, తనకు తెలిసిన మాటల్లో ఫలానాది చూశానని చెప్పే మనిషే పడవలో లేడు.