పాతాళలోకపు శిలలు – మన రాకాసి గుళ్ళు

పూడూరు నుండి ఒక శ్రోత మాకు జాబు వ్రాసినారు. పురాణములలోని పాతాళమే అమెరికా యనియు, పాండవులకు సభ కట్టిన మయుని సంతతియే అచటి మాయాజాతి యనియు, మెక్సికోలోని అజ్టెకులును వారే యనియు తమ గ్రామమున పెద్దలు చెప్పుకొందురట. ఇది నిజమా యని వారి ప్రశ్న. 1940లో వెలువడిన చమన్‌లాల్ గ్రంథము 'హిందూ అమెరికా' ఈ తీరు వాదమునే విపులముగా వినిపించినది. కనుక ఈ ప్రశ్న ఒక్క పూడూరుది కాదు.

మొదట జాతులను వేరుపరచవలెను. మాయాజాతివారు యుకటాన్, గ్వాటెమాలా ప్రాంతములవారు. దక్షిణమున వారి మహానగరములు అనేకము క్రీ.శ. 9వ శతాబ్దిలోనే పాడుపడెను. అజ్టెకులు మధ్య మెక్సికోలో, సరస్సు నడుమ, టెనోచ్‌టిట్లాన్ నగరమును కట్టుకొన్నది 14వ శతాబ్దిలో. స్పెయిన్ సేనాని కోర్టెస్ 1519లో ఆ నగరమున అడుగిడు నాటికి మన విజయనగర సింహాసనమున శ్రీకృష్ణదేవరాయలు ఉండిరి. రెండేండ్లలో ఆ నగరము కూలినది. దాని శిథిలములపైననే నేటి మెక్సికో నగరము లేచినది. మయుని పేరునకును మాయాజాతి పేరునకును గల సంబంధము చెవికి వినబడు పోలిక మాత్రమే.

కూలిన నగరపు దేవతలు మరల వెలుగు చూచిన కథ వినదగినది. 1790 ఆగస్టు 13వ తేదీన ఆ నగరపు ప్రధాన చౌకమున నేల త్రవ్వుచుండగా ఎనిమిదడుగులకు మించిన శిలావిగ్రహ మొకటి బయల్పడెను. తల యుండవలసిన చోట ఎదురెదురుగా రెండు పాములు. మెడలో మనుష్యుల చేతులు, గుండెలు కూర్చిన హారము. నడుమున పాములు అల్లిన వస్త్రము. ఆమె పేరు కోవాట్లీక్వే, అనగా పాముల పరికిణీ గలది. విగ్రహమును విశ్వవిద్యాలయమునకు చేర్చగా అచటి ఆదివాసులు పూలు, దీపములు తెచ్చి మ్రొక్కసాగిరి. అధికారులు జంకి దానిని మరల పూడ్చిరి. జర్మను శాస్త్రజ్ఞుడు హంబోల్ట్ చూడగోరగా ఒకసారి వెలికి తీసి, పిదప తిరిగి పూడ్చిరి. పూడ్చినవారికి ఆమె పిశాచము, మ్రొక్కినవారికి తల్లి.

ఆమె కథను 16వ శతాబ్దిలో సహగూన్ అను స్పెయిన్ సన్న్యాసి అజ్టెకుల నోటనే విని, వారి నహువాటల్ భాషలోనే వ్రాయించెను. కోవాట్లీక్వే కొండపై ఊడ్చుచుండగా ఈకల బంతి యొకటి పైనుండి రాలెను. దానిని తన దుస్తులలో దాచుకొనగా గర్భము నిలిచెను. కూతురు కోయోల్‌షౌకి అది అవమానమని తలచి సోదరులను తల్లిపైకి ఉసికొల్పెను. అంతట గర్భమునుండి విట్సిలోపోచ్‌ట్లి ఆయుధపాణియై పుట్టి, అక్కను ఖండించి కొండపైనుండి దొర్లించెను.

1978 ఫిబ్రవరి 21న విద్యుత్తు పనివారు గుంత త్రవ్వుచుండగా పదడుగులకు మించిన అడ్డుకొలత గల గుండ్రని శిల దొరకెను. దానిపై అవయవములు తెగిన అదే కోయోల్‌షౌకి! దొరకిన చోటు విట్సిలోపోచ్‌ట్లి ఆలయపు మెట్ల పాదము. అనగా ఆలయమే ఆ కొండ. దొర్లిపడిన అక్క దాని అడుగున ఉన్నది. ఈ సంగతిని తెలిపినది ఆ శిలయు, ఆ జాతి చెప్పుకొన్న కథయు కలిసి. బయటివారి ఊహ యేదియు దీనిని తెలుపజాలకపోయెను.

నలుగురు సూర్యులు గతించిరనియు, ఇప్పటివాడు అయిదవ సూర్యుడనియు అజ్టెకుల నమ్మిక. ఇది మన యుగములవలె లేదా యని కొందరందురు. పైచూపునకు ఉన్నది. కాని మన యుగములలో ధర్మము పాదము చొప్పున క్షీణించును. వారి లోకములు పులులవలన, పెనుగాలివలన, నిప్పులవానవలన, జలప్రళయమువలన అంతమొందెను. ఇప్పటిది భూకంపమువలన అంతమొందునట. నేల తరచుగా కంపించు దేశమువారి కథ యిది. వారిలో నరబలి యుండెను, దానిని దాచనక్కరలేదు. కాని వారిని నెత్తురు త్రాగు రాక్షసులనుట యెంత తప్పో, మన పురాణములకు నకళ్ళు వ్రాసికొన్నవారనుటయు అంతే తప్పు. రెండును వారి ప్రతిభను వారికి కాకుండ చేయును.

ఈ యన్యాయము మన ఇంటనే జరుగుచున్నది. తెలంగాణమున పెద్ద బండలు పేర్చి కట్టిన ఇనుపయుగపు సమాధులను జనులు 'రాకాసి గుళ్ళు' అందురు. హైదరాబాదు చేరువ మౌలాలీ మున్నగు చోట్ల త్రవ్వగా ఇనుప పనిముట్లు, ఎరుపు నలుపు మట్టిపాత్రలు, సామాన్య మనుష్యుల ఎముకలు దొరకినవి. రాక్షసుల జాడ లేదు. నారాయణపేట జిల్లా ముడుమాలలో, కృష్ణాతీరమున, పదునాలుగడుగుల వరకు ఎత్తుగల నిలువురాళ్ళు కలవు. వానిలో ఒకదానిని ఎల్లమ్మగా కొలుతురు. 2025లో ఆ రాళ్ళు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినవి. అట్టి భాగ్యము అన్నిటికిని లేదు. రాక్షసులవని విడిచినచోట లంకెబిందెల ఆశతో పెకలించినవి కొన్ని. కంకరకై పగులగొట్టినవి మరికొన్ని.

పూడూరు శ్రోతగారికి మా మనవి యిది. పెద్దల కథలను పారవేయవలదు. అవి చెప్పినవారి మనస్సును తెలుపును. రాతిని నిలిపినవారి మనస్సు తెలియవలెనన్న, రాయి నిలిచిన చోటనే వెదకవలెను. మీ పొలిమేరలో రాకాసి గుడి యేదైన కనబడినయెడల బండ కదలింపవలదు, కదలింపనీయవలదు. పురావస్తు శాఖవారికి కబురంపుడు. ఒకసారి చెదరిన సమాధి మరల మాటాడదు.