వరసలో చివర మామిడి రైతు

కంపెనీ మునిగిపోతుంటే ప్రభుత్వం ఆదుకోవాలా అన్న చర్చ మన దగ్గర యజమాని, బ్యాంకు, కార్మికుడు అనే ముగ్గురి చుట్టూనే తిరుగుతుంది. నూజివీడు తోటల వైపు నుంచి చూస్తే నాలుగో మనిషి కనిపిస్తాడు: అరువు మీద కాయ తోలి డబ్బు కోసం ఎదురుచూసేవాడు.

రసాలు, బంగినపల్లి తినే పండ్లు. వాటికి నున్న మార్కెట్ ఉంది. కలెక్టర్ కాయ (తోతాపురి) ధర మాత్రం చాలావరకు గుజ్జు ఫ్యాక్టరీ చేతిలో ఉంటుంది. కోసిన కాయ ఆగదు కనుక అమ్మేవాడికి బేరమాడే బలం తక్కువ. డబ్బు వెంటనే రాకపోతే చేతిలో మిగిలేది తూకం చీటీ.

ఆ ఫ్యాక్టరీ దివాలా తీసి ఆస్తులు అమ్మకానికి వస్తే? 2016 నాటి దివాలా చట్టం 53వ సెక్షన్ పంపకాల వరస చెబుతుంది. ముందు ప్రక్రియ ఖర్చులు, తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలు, వాటితో సమానంగా తాకట్టు ఉన్న బ్యాంకులు. ప్రభుత్వ పన్నుల బకాయిలు కూడా తీరాక ‘మిగిలిన అప్పుల’ పద్దులో కాయ తోలినవాడు. తోటను వ్యాపారికి గుత్తకిచ్చిన రైతుకు ఆ చోటు కూడా లేదు. అతని బాకీదారు ఆ వ్యాపారి, కంపెనీ కాదు.

కంపెనీని నిలబెట్టడానికి ఖజానా తెరవక తప్పదా? తప్పనిసరి కాదని 2009 సత్యం కంప్యూటర్స్ ఉదంతం చెబుతుంది. జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకున్నాక, కేంద్రం పాత బోర్డును తప్పించి కొత్తవారిని కూర్చోబెట్టింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వేలంలో గెలిచింది. కంపెనీ బతికింది, పగ్గాలు చేతులు మారాయి. విశాఖ ఉక్కుకు 2025 జనవరిలో ఇచ్చిన 11,440 కోట్ల ప్యాకేజీ మరో దారి. ప్రభుత్వమే యజమాని కనుక దాన్ని సాయం అనడం కంటే పెట్టుబడి అనడమే సబబు. అయితే సొంత ఇనుప గనుల్లేని లోటు ఆ డబ్బుతో తీరదు.

2025 వేసవిలో చిత్తూరు తోతాపురి ధర కూలినప్పుడు, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలనీ, తాను 4 కలుపుతాననీ రాష్ట్రం ప్రకటించింది. సాయం రైతుకు చేర్చాలనుకోవడం మంచిదే. అయితే ఆ 8 రాబట్టే పట్టు చట్టంలో లేకపోతే ప్రభుత్వ 4 ఫ్యాక్టరీకి ధర తగ్గించుకునే వెసులుబాటు అవుతుంది.

నా వాదన ఇది: కాపాడాల్సింది కంపెనీని కాదు, దాని మీద రైతుకున్న బాకీని. త్వరగా చెడిపోయే పంట బాకీని 53వ సెక్షన్‌లో బ్యాంకుల సరసన చేర్చాలి. అప్పుడు బ్యాంకులు ఫ్యాక్టరీలకు అప్పు తగ్గిస్తాయన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. కొద్ది వారాల్లో కాయ కొని ఏడాది పొడవునా గుజ్జు అమ్మే వ్యాపారం బ్యాంకు పరపతి లేనిదే నడవదు. అందుకే ఈ ప్రాధాన్యం ఆ సీజన్ కాయకే వర్తించాలి, పాత బకాయిలకు కాదు. తూకం చీటీ మీద తోట యజమాని పేరు కూడా రాయడం తప్పనిసరి చేస్తే తోట గుత్తకిచ్చిన రైతుకూ అడిగే హక్కు కల్పించవచ్చు.