సూదంటురాయి ప్రయోగాలు

ఇనుమును ఆకర్షించే వస్తువును అయస్కాంతం అంటారు. సంస్కృతంలో అయస్సు అనగా ఇనుము, కాంతం అనగా ప్రియమైనది. అచ్చతెలుగులో దీనిని సూదంటురాయి అంటారు. ప్రకృతిలో దొరికే సూదంటురాయి మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం.

సూర్యాపేట జిల్లా నడిగూడెం కోట మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు నివాసం. తెలుగులో శాస్త్రగ్రంథాల ప్రచురణకు 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలికి ఆయన అండగా నిలిచాడు. ఈ ప్రాంతపు విద్యార్థులు ఇంటివద్దనే చేయదగిన కొన్ని అయస్కాంత ప్రయోగాలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

ఇసుకలో ఇనుము

పాత స్పీకరు నుండి తీసిన అయస్కాంతాన్ని పాలిథీన్ సంచిలో చుట్టి ఎండిన వాగు ఇసుకలో తిప్పితే నల్లని రజను అంటుకుంటుంది. అయస్కాంతాన్ని సంచి నుండి బయటకు తీస్తే రజను రాలిపోతుంది. సంచి లేకుండా చేస్తే దానిని వదిలించడం చాలా కష్టం. ఈ రజనులో ఎక్కువ భాగం రాళ్ళు శిథిలమైనప్పుడు విడివడిన మాగ్నటైట్. దీనిని కాగితంపై పలుచగా చల్లి, కాగితం కింద అయస్కాంతం ఉంచి మెల్లగా తట్టితే బలరేఖలు కనిపిస్తాయి.

నీటిపై సూది

కుట్టుసూదిని అయస్కాంతపు ఒకే ధ్రువంతో ఒకే దిశలో ముప్పై నలభై సార్లు రుద్ది, చిన్న ఆకుపై ఉంచి ప్లాస్టిక్ గిన్నెలోని నీటిపై వదిలితే అది ఉత్తర దక్షిణాలుగా నిలుస్తుంది. మధ్యాహ్నం కర్ర నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు ఆ నీడ గీతతో సూది దిశను పోల్చవచ్చు. మన ప్రాంతంలో ఈ రెండింటి తేడా చాలా స్వల్పం. సూదిని ఎర్రగా కాల్చి చల్లార్చితే అయస్కాంతత్వం దాదాపు పోతుంది. ఇనుము 770 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆ గుణాన్ని కోల్పోవడమే దీనికి కారణం.

వంగే సూది

పాఠాలలో తరచుగా విస్మరించే విషయం ఒకటి కలదు. భూమి అయస్కాంత క్షేత్రం అన్నిచోట్లా నేలకు సమాంతరంగా ఉండదు. దక్షిణ భారతపు కొన దగ్గర దాదాపు సమాంతరంగా ఉండి, ఉత్తరానికి పోయినకొద్దీ కిందికి వంగుతుంది. తెలంగాణలో ఈ వంపు 20 డిగ్రీలకు కొంచెం పైన, లండన్‌లో సుమారు 66 డిగ్రీలు ఉంటుంది.

దీనిని చూడడానికి అయస్కాంతత్వం లేని సన్నని పొడవాటి సూదిని సరిగ్గా మధ్యలో సన్నని దారంతో కట్టి, అడ్డంగా నిలిచేలా సర్ది, ముడిపై చిన్న మైనపు చుక్క వేయాలి. తరువాత ముడి కదలకుండా అయస్కాంతీకరిస్తే ఉత్తరపు కొన కొద్దిగా కిందికి దిగుతుంది. దారం సూది బరువు కేంద్రానికి కాస్త పైన ఉంటుంది కనుక పూర్తి కోణం కనబడదు. వంగడం ముడి లోపమేమోనన్న అనుమానం సహజమే. సూదిని ఎదురు దిశలో మళ్ళీ అయస్కాంతీకరిస్తే ఈసారి రెండవ కొన దిగాలి. దిగకపోతే తప్పు ముడిదే.

ఈ కోణాన్ని, దాని మార్పులను శాస్త్రజ్ఞులు నిరంతరం కొలుస్తారు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వేధశాల 1964 నుండి ఈ పని చేస్తున్నది. నడిగూడెం వారు హైదరాబాదు వెళ్ళే విజయవాడ రహదారిపైనే ఉన్న చౌటుప్పల్‌లో ఆ సంస్థకు మరొక వేధశాల కలదు. నగరాల విద్యుత్తు ఈ కొలతలను చెడగొడుతుంది. బొంబాయిలో ఎలక్ట్రిక్ ట్రాములు రానున్నాయనే కొలాబా కొలతలను 1904లో ప్రారంభించిన అలీబాగ్ వేధశాలకు తరలించారు.

ఉత్తరానికి తల

ఉత్తరానికి తలపెట్టి నిద్రిస్తే రక్తంలోని ఇనుమును భూమి లాగుతుందని కొందరు చెబుతారు. ఇది సరికాదు. రక్తంలోని ఇనుము సూదిలోని ఇనుములా ఆకర్షింపబడదు. ఎం.ఆర్.ఐ. యంత్రపు 1.5 టెస్లాల క్షేత్రం భూమి క్షేత్రానికి ముప్పై వేల రెట్లకు పైగా ఉంటుంది. అందులో పడుకున్న రోగి రక్తం సైతం ఒక పక్కకు చేరదు.

జాగ్రత్త

ఆటవస్తువులలోని చిన్న నియోడిమియం అయస్కాంతాలను పిల్లలకు అందనీయరాదు. రెండు మింగితే అవి పేగుల గోడల మీదుగా ఒకదానినొకటి పట్టుకుని పేగుకు రంధ్రం చేయగలవు. నొప్పి లేకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.