తొంభై నిమిషాల్లో పట్టిన పాటలు

1989. రాజమండ్రి కోటగుమ్మం దగ్గర సాయంత్రం ఆరు దాటింది. రికార్డింగ్ సెంటర్ అంటే పేరు పెద్దదే గానీ, మనిషి పక్కకి తిరిగితే అల్మరా తగిలేంత గది. మూడు గోడలకీ రికార్డులు. కింది అరల్లో ఎల్.పి.లు, పై అరల్లో చిన్న ఇ.పి.లు. అట్టపెట్టెలో వేరుగా, బరువుగా, ఒకదానిమీద ఒకటి ఆనకుండా మధ్యలో కాగితాలు పెట్టి ఉంచినవి పాత డెబ్భై ఎనిమిది స్పీడువి. స్పిరిట్ వాసన వస్తోంది, కొట్టాయన ఇప్పుడే దూదితో క్యాసెట్ డెక్ హెడ్డు తుడిచినట్టున్నాడు. బయట రిక్షా బెల్లులు మోగుతున్నాయి. లోపల ఫ్యాను ఆపేశారు, గాలికి ముల్లు మీద దుమ్ము పడకూడదని.

మావయ్య జేబులోంచి మడతలు పడిన కాగితం తీసి బల్లమీద పరుస్తాడు. రెండువైపులా పాటలే. అక్క వచ్చే వారం బావగారితో హ్యూస్టన్ వెళ్తోంది. సూట్‌కేసులో పచ్చళ్లూ చీరలూ పోగా మిగిలిన సందులో ఒక్క క్యాసెట్ పడుతుంది. అందులో తెలుగు సినిమా సంగీతం ఎంత గొప్పదో అంతా ఉండాలని మావయ్య పట్టుదల.

కొట్టాయన కాగితం అటూ ఇటూ తిప్పి చూస్తాడు.

"ఇవి అరవై పైన ఉన్నాయి మాస్టారూ. తొంభై క్యాసెట్‌కి వైపుకి నలభై అయిదు నిమిషాలండి. పాటకి మూడున్నర చొప్పున వేసుకున్నా పన్నెండు. పొడుగువి ఉంటే ఇంకా తగ్గుతాయండి."

"నూట ఇరవైది లేదా?"

"ఉంది గానీ వద్దండి. టేపు మరీ పల్చన. నాలుగుసార్లు తిప్పితే నలిగిపోయి రోలర్‌కి చుట్టేసుకుంటుంది. అమ్మాయిగారు అంతదూరం పట్టుకెళ్లేది, అక్కడ బాగుచేసేవాళ్లెవరండి?"

మావయ్య నావైపు చూస్తాడు. "ఒరే అల్లుడూ, పెన్సిల్ తియ్యి. కొట్టేద్దాం."

కొట్టేయడం ఇంత కష్టమని ఆ పెన్సిల్ పట్టుకునేదాకా తెలియదు. కాగితం మీద ఉన్నవన్నీ గొప్ప పాటలే. మావయ్య బడిలో లెక్కలు చెప్తాడు, ఎందుకిలా చేశావని అడిగితే కారణం చెప్పకుండా వదలడు. మొదటి గీత గీయకముందే నియమం పెడతాడు. హీరోని బట్టి ఎంచొద్దు, గాయకుణ్ణి బట్టి కూడా ఎంచొద్దు. బాణీ కట్టినవాణ్ణి బట్టి ఎంచాలి. ఘంటసాల పాటలు ఇరవై నాలుగు ఎంచడం అరగంట పని, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ ఇరవై నాలుగింటి వెనక ఎంతమంది కూర్చుని హార్మోనియం మీద వేళ్లు నలిపారో ఆ క్యాసెట్ చెప్పదు.

"మల్లీశ్వరితో మొదలుపెట్టు."

1951 నాటి సినిమా. బి.ఎన్.రెడ్డి తీశాడు, దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు రాశాడు, సాలూరి రాజేశ్వరరావు స్వరపరిచాడు. కొట్టాయన రికార్డుని రెండు అంచులూ పట్టుకుని తీసి, దీపం కింద వంచి గీతలు చూసి, మఖమలు గుడ్డతో లోపల్నించి బయటికి కాక గాడి వెంట గుండ్రంగా తుడుస్తాడు. ముల్లు దించుతాడు. ముందు చిటపటలు, తర్వాత భానుమతి.

ఎవరూ మాట్లాడరు. ఆవిడ గొంతులో ఒక బరువుంది. తీగలు ఆ గొంతుకి అడ్డం రాకుండా, అది ఆగిన చోట మాత్రం ముందుకొస్తాయి. ఎక్కడ వినిపించాలో ఎక్కడ తప్పుకోవాలో తెలిసిన వాద్యబృందం అది. పాట అయ్యాక మావయ్య అంటాడు: "పేరు రాసేటప్పుడు సాలూరి పక్కన అద్దేపల్లి రామారావు అని కూడా రాయి. వాద్యాల కూర్పు ఆయనది."

నేను రాస్తాను. కొట్టాయన క్యాసెట్ కార్డు మీద అచ్చులో ఉన్నవి రెండే గడులు, ఒకటి పాట, రెండోది సినిమా. మూడో గడి గీసుకోవాల్సి వస్తుంది.

తర్వాతది మిస్సమ్మ. 1955. మళ్లీ సాలూరే. ఎన్.టి.రామారావుకి ఎ.ఎం.రాజా పాడాడు. రామారావు అనగానే ఘంటసాల గొంతు చెవిలో మోగేవాళ్లకి ఆ పల్చటి, తేమగల గొంతు ఒక క్షణం కొత్తగా ఉంటుంది. వెంటనే అదే సరైనదనిపిస్తుంది. ఆ కథలో హీరో గర్జించేవాడు కాదు, నవ్వుతూ ఓడిపోయేవాడు. ఆ గొంతుని ఎంచడంలోనే సగం సంగీత దర్శకత్వం ఉందని నేను నమ్ముతాను.

సాలూరివి రెండు అయ్యాయి. ఇక మాయాబజార్ దగ్గర పని ఆగిపోతుంది.

పడవ పాట. 1957, పింగళి నాగేంద్రరావు రాశాడు, ఘంటసాల, లీల పాడారు, మోహన రాగం. ఇది లేకుండా క్యాసెట్ లేదు, ఆ విషయంలో ముగ్గురికీ ఒకటే మాట. కొట్టాయన కార్డు అందుకుని మూడో గడిలో 'ఘంటసాల' అని రాయబోతాడు. సినిమా మీద ఉన్న పేరు అదే మరి.

"ఆగండి," అంటాడు మావయ్య. "ఆ సినిమాకి మొదట కూర్చున్నది రాజేశ్వరరావు. నాలుగు పాటలకి బాణీలు కట్టి తప్పుకున్నాడు. ఆ నాలుగింట్లో ఇదొకటి. వాద్యాలు కూర్చి పాడించి, మిగతా పాటలన్నీ చేసి సినిమా నిలబెట్టింది ఘంటసాల. ఇద్దరి పేర్లూ ఉండాలి."

"ఇంత చిన్న గడిలోనాండీ?"

"పట్టేలా రాద్దాం."

ముల్లు దిగుతుంది. మొదటి ఆలాపనకే గదిలో నీళ్లమీద కదలిక వస్తుంది. ఇక్కడ గోదావరి గట్టు రెండు వీధుల అవతలే ఉంది, అయినా ఇప్పుడు వినిపించే నీళ్లు అవి కావు. లీల గొంతు ఘంటసాల గొంతుని దాటి వెళ్లదు, వెనకబడదు. ఈ బాణీ ఎవరిదో తెలిశాక విన్నా అందం పెరగదు, తరగదు, నిజమే. కానీ ఒక మనిషి కట్టిన బాణీని మరో మనిషి ఇంత మర్యాదగా పూర్తిచేశాడని తెలిసి వినడం వేరు. ఘంటసాల తనే సంగీత దర్శకుడు. పాతాళభైరవి, లవకుశ ఆయనవే. కావాలంటే ఆ బాణీల్ని పక్కన పెట్టి కొత్తవి కట్టుకోగలడు. ఆయన కట్టలేదు.

మోహన అయ్యాక మళ్లీ మోహన పెట్టకూడదు. ఆ సంగతి కొట్టాయనే చెప్తాడు, సంగీతం నేర్చుకున్నవాడు కాదు, రోజూ క్యాసెట్లు ఎక్కిస్తూ చెవితో పట్టుకున్నాడు. "ఒకే రంగు పక్కపక్కన పడితే రెండోది వెలిసిపోతుందండి." మావయ్య రాసుకున్న వరస మారుతుంది. పడవ పాట పక్కకి దేవదాసు వస్తుంది. 1953 సినిమా. సంగీతం సి.ఆర్.సుబ్బురామన్. ముప్పయ్యేళ్లు నిండకుండానే, ఆ సినిమా విడుదల కాకముందే చనిపోయాడు. మిగిలిన పని విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. తాగినవాడి పాట అంటే తూలుతూ పాడటమే అనుకునేవాళ్లకి ఇందులో ఘంటసాల శ్రుతి ఎంత నిటారుగా నిలబడిందో వినిపించాలి. విషాదం గొంతులో ఉంది, తూలడం తాళంలో లేదు.

ఇక పెద్ద తగాదా సువర్ణసుందరి. అంజలీ పిక్చర్స్ సినిమా, 1957, ఆదినారాయణరావు సంగీతం. "అంజలీదేవిగారు మా పెద్దాపురం ఆవిడేనండి," అంటాడు కొట్టాయన, ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు. ఆ సినిమాలో ఘంటసాల, జిక్కి పాడిన రాగమాలిక ఒకటుంది. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్. హిందీలో తీసినప్పుడు ఇదే బాణీని లత, రఫీ పాడారు, దేశమంతా వింది. చిక్కల్లా దాని పొడుగు. మామూలు పాటలు దాదాపు రెండు పట్టే జాగా అది ఒక్కటే తింటుంది.

"దీన్ని పెడితే రెండు పోతాయి మావయ్యా."

"ఏ రెండు?"

చెప్పలేకపోతాను. కాగితం మీద మిగిలినవాటిలో ఏ రెండింటి మీదా పెన్సిల్ ఆగదు. చివరికి మావయ్యే రెండు గీతలు గీస్తాడు, రెండూ తనకిష్టమైన పాటలమీదే. ఆ బాణీ తెలుగువాడిదని హ్యూస్టన్‌లో పుట్టబోయే పిల్లలకి తెలియాలి, అదీ ఆయన చెప్పిన కారణం. నాకిప్పటికీ అది న్యాయమైన తీర్పే అనిపిస్తుంది.

ఎ వైపు చివర ఏం పెట్టాలన్నది మాత్రం మొదట్నించీ తెలుసు. జగదేకవీరుని కథ, 1961, పెండ్యాల నాగేశ్వరరావు, దర్బారీ కానడ. 'శివశంకరీ' తర్వాత ఇంకే పాటా నిలవదు. అందుకే దాని తర్వాత టేపు ఆగిపోవాలి, వినేవాళ్లు లేచి క్యాసెట్ తిప్పుకోవాలి, ఆ కాసేపు ఊపిరి పీల్చుకోవాలి. కొట్టాయన టేపుమీద మిగిలిన మందాన్ని దీపానికెత్తి చూసి, "సరిపోద్దండి, ఆఖర్న అరనిమిషం ఖాళీ ఉంటది," అంటాడు. గడియారం చూడకుండా చెప్పాడు. పాట నడుస్తుంటే మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరకి ఎగబాకుతుంది, ఆయన వేలు మీట మీద వెంట్రుకవాసి కదులుతుంది, ముల్లు వెనక్కి తగ్గుతుంది. ఘంటసాల స్వరాలు పైకి పోతున్నకొద్దీ ఆ వేలు ఆయన్ని ముందే పసిగడుతోంది.

బి వైపు త్వరగానే తేలుతుంది. మూగ మనసులు నుంచి ఒకటి. 1964, ఆత్రేయ మాటలకి కె.వి.మహదేవన్ కట్టినది. మహదేవన్‌ది తమిళం, ముందు పాట రాసివ్వండి, తర్వాతే బాణీ అనే మనిషి. తెలుగు మాట విరుపు ఆయన బాణీలో ఎక్కడా నలగదు, తెలుగువాళ్లు కట్టిన ఎన్నో బాణీల్లో నలిగింది. పంతులమ్మ నుంచి ఒకటి, కన్నడిగులు రాజన్-నాగేంద్ర. మరో చరిత్రకి విశ్వనాథన్. శంకరాభరణం సరేసరి. మహదేవన్, బాలు, వాణీ జయరాం ముగ్గురికీ జాతీయ పురస్కారాలు తెచ్చిన సినిమా.

మేఘసందేశం దగ్గర మావయ్య మెత్తబడతాడు. 1982. రమేశ్ నాయుడు పోయి రెండేళ్లే అయింది. ఆ సినిమాకీ సంగీతానికి ఆయనకి, పాడినందుకు ఏసుదాసుకి, సుశీలకి జాతీయ పురస్కారాలు వచ్చాయి. అయినా శంకరాభరణం పేరు చెప్పినంత మంది రమేశ్ నాయుడి పేరు చెప్పరు. ఇందులో సుశీల పాడిన ఒక గేయం కృష్ణశాస్త్రి యౌవనంలో రాసినది, కృష్ణపక్షంలోది. సినిమా తెరమీదికి వచ్చేనాటికి కవి లేడు. అన్నేళ్లు పుస్తకంలో ఉన్న మాటకి రమేశ్ నాయుడు బాణీ కడితే, ఆ రెండూ ఒకే రోజు పుట్టినట్టున్నాయి. వాద్యాలు దాదాపు లేనట్టే ఉంటాయి. మల్లీశ్వరితో మొదలైన క్యాసెట్‌లో కృష్ణశాస్త్రి మళ్లీ ఇక్కడ పలికాడు.

చివరి రెండు నావి. మావయ్య ఇచ్చిన వాటా అది. రెండూ ఇళయరాజావే. సితార నుంచి, జానకికి జాతీయ పురస్కారం తెచ్చిన గోదావరి పాట. ఆ సినిమా తీసిన వంశీది ఈ జిల్లా పసలపూడే. మరొకటి ఈ ఏడే వచ్చిన గీతాంజలి. కొట్టాయన లెవెల్ బాగా తగ్గిస్తాడు. భానుమతి రికార్డు పక్కన ఈ స్టీరియో రికార్డు అలాగే ఎక్కిస్తే వినేవాళ్ల చెవులు అదురుతాయి. బేస్ గిటార్ మొదలవగానే మావయ్య తల పంకిస్తాడు. "ఇతనికీ ఎక్కడ తప్పుకోవాలో తెలుసురా," అంటాడు. మల్లీశ్వరికి ఆయన మనసులో వేసుకున్న కొలతే అది.

తొమ్మిదిన్నర అవుతుంది. కొట్టాయన క్యాసెట్ వెనక ఉన్న రెండు ప్లాస్టిక్ చెక్కల్నీ స్క్రూడ్రైవర్‌తో విరుస్తాడు, పొరపాటున ఎవరూ చెరిపేయకుండా. కార్డు మీద మూడో గడి నిండిపోయి, పేర్లు అంచుదాటి పక్కకి వంగాయి.

అలాంటి కొట్లు తర్వాత కంపెనీల హక్కుల కేసులకీ, చవక క్యాసెట్లకీ, సీడీలకీ పోయాయి. హక్కుల మాట న్యాయమైనదే, ఆ కొట్లు చేసినది అనుమతి లేని పని. కానీ అప్పట్లో రేడియోవాళ్లు పాట వేసే ముందు చిత్రం, రచన, సంగీతం, గానం అని నాలుగూ చదివేవాళ్లు. మావయ్యకి ఆ మూడో గడి అక్కడ్నించి వచ్చింది. ఇప్పుడు ఫోనులో వేల పాటలు, నిమిషాల లెక్క లేదు, దేన్నీ కొట్టేయనక్కర్లేదు. పాట కింద హీరో బొమ్మ ఉంటుంది, గాయకుడి పేరు ఉంటుంది. మాయాబజార్ పడవ పాట కింద సాలూరి రాజేశ్వరరావు పేరు చాలాచోట్ల కనిపించదు, మల్లీశ్వరి పాటల కింద అద్దేపల్లి రామారావు పేరు ఎక్కడోగాని ఉండదు.

మీరు ఈసారి ఎవరికైనా పాటల జాబితా చేసి పంపేటప్పుడు, ఎన్ని పాటలైనా సరే, ప్రతి పాట పక్కనా బాణీ కట్టినవారి పేరు, రాసినవారి పేరు, సినిమా వచ్చిన సంవత్సరం రాయండి. ఇద్దరు కట్టి ఉంటే ఇద్దరివీ రాయండి.