యావరేజ్: ఓడరేవులో పుట్టిన మాట

మార్కుల సగటును యావరేజ్ అంటాం. ఈ మాట మూలం అరబ్బీ ‘అవార్’, అంటే చెడు, నష్టం. ఇటలీ వర్తకుల నోట అది ‘అవరియా’ అయింది. ఓడను కాపాడటానికి కొందరి సరుకును సముద్రంలో పారేస్తే, ఆ నష్టాన్ని మిగతావాళ్లూ విలువను బట్టి పంచుకునేవారు. ‘సగటు’ అనే అర్థం ఈ పంపకం నుంచే వచ్చింది.

ఓడల బీమాలో పాత అర్థం ఇంకా బతికే ఉంది. 2018 మార్చిలో అరేబియా సముద్రంలో మేర్స్క్ హోనమ్ ఓడ తగలబడి ఐదుగురు సిబ్బంది ప్రాణాలు పోయాయి. ఓడ యజమానులు ‘జనరల్ యావరేజ్’ ప్రకటించారు, అంటే నష్టాన్ని అందరూ పంచుకోవాలన్నమాట. చెక్కుచెదరని కంటైనర్‌ను విడిపించుకోవాలన్నా, ఓడను కాపాడిన ఖర్చుతో కలిపి సరుకు విలువలో 54 శాతానికి పూచీ ఇవ్వాల్సి వచ్చింది. బీమా ఉంటే కంపెనీ పూచీపత్రం రాసిస్తుంది. లేని చిన్న వ్యాపారి నగదే తేవాలి, అతని అవస్థ తలచుకుంటేనే బాధేస్తుంది. ఇలాంటి పంపకానికి వాడే యార్క్-ఆంట్‌వెర్ప్ నియమాల ప్రకారం మంటల వేడికి, పొగకు పాడైన సరుకు ఈ పంపకంలోకి రాదు. ఆర్పడానికి కొట్టిన నీళ్లకు తడిసింది వస్తుంది.