ధవళేశ్వరంలో ఒక పూట: గోదావరి యాత్రికుల రాకపోకలకు మార్గదర్శిక

పాపికొండల విహారానికి గాని, పుణ్యస్నానానికి గాని రాజమహేంద్రవరం చేరుకునే యాత్రికులలో పలువురు, ఒక పూట సమయం చిక్కితే ధవళేశ్వరం చూడగోరుతారు. నగరానికి దక్షిణాన ఆరేడు కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఎడమ గట్టున గల ఈ ఊరు డెల్టాకు ముఖద్వారం వంటిది. అఖండ గోదావరి ఇక్కడి ఆనకట్టను దాటి గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోతుంది. ఎగువ నుంచి వచ్చే లాంచీ ఆనకట్టను దాటి నదిలో ముందుకు సాగలేదు. అందువల్ల ధవళేశ్వరం సందర్శన ఆద్యంతం రోడ్డు ప్రయాణమే. అయితే ఆ రోడ్డులో ముఖ్యభాగం నది మీదుగానే వెళ్తుంది. కనుక బస్సు వేళల కంటే ముందు గోదావరి నీటిమట్టాన్ని తెలుసుకొని బయలుదేరడం ఇక్కడ ప్రథమ నియమం.

ఒకనాటి రేవు

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ప్రారంభమైన ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1852లో పూర్తయింది. ఈ పనిలో వీణెం వీరన్న ఆయనకు ప్రధాన సహాయకుడుగా నిలిచారు. డెల్టా కాలువలను సాగునీటికే గాక పడవల రాకపోకలకు కూడా అనువుగా తవ్వారు. నీటిమట్టంలో తేడా ఉన్నచోట్ల పడవలను ఎక్కించడానికి, దించడానికి లాకులు నిర్మించారు. ఆ కాలువల మీదుగా ధవళేశ్వరానికి కాకినాడ ఓడరేవుతో జలమార్గ సంబంధం ఏర్పడింది. 1900లో హేవలాక్ వంతెనపై రైళ్లు నడవడం, అనంతరం రోడ్డు రవాణా విస్తరించడంతో కాలువ పడవలు క్రమేణా తగ్గిపోయాయి. కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు గల కాలువలను, గోదావరి, కృష్ణా నదుల కొన్ని భాగాలను కలిపి 2008లో కేంద్ర ప్రభుత్వం 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించింది.

నాలుగు విభాగాల ఆనకట్ట

పాత ఆనకట్ట స్థానంలో 1970వ దశకంలో చేపట్టిన కొత్త బ్యారేజీ 1982లో పూర్తయింది. దీనికి సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టారు. మొత్తం గేట్లు 175. ఇవి నాలుగు విభాగాలుగా ఉన్నాయి.

ధవళేశ్వరం విభాగం: 70 గేట్లు
ర్యాలి విభాగం: 43 గేట్లు
మద్దూరు విభాగం: 23 గేట్లు
విజ్జేశ్వరం విభాగం: 39 గేట్లు

మొదటి రెండు విభాగాల నీరు గౌతమికి, తక్కిన రెండింటి నీరు వశిష్ఠకు చేరుతుంది. విభాగాల మధ్య పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంక ఉన్నాయి. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకు ప్రధాన కాలువలు బయలుదేరుతాయి. వీటి కింద 10 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. 2022 ఏప్రిల్ 4న అమలులోకి వచ్చిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ ప్రకారం ధవళేశ్వరం, విజ్జేశ్వరం తూర్పు గోదావరి జిల్లాలోను, బొబ్బర్లంక కోనసీమ జిల్లాలోను ఉన్నాయి. ఆనకట్టపై ఒకే దారిన వెళ్లే యాత్రికుడు రెండు జిల్లాల పరిధిలో ప్రయాణిస్తాడు. అత్యవసర సమయాలలో సమాచారం అందించే అధికారులు ఈ విషయం గుర్తుంచుకోవలసి ఉంటుంది.

ఒక పూట ప్రయాణ క్రమం

రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరానికి బస్సులు, షేర్ ఆటోలు నడుస్తాయి. కుటుంబాలతో వచ్చేవారు ఆటోను గాని, కారును గాని పూర్తిగా మాట్లాడుకొని, వెయిటింగు సమయానికి కూడా కిరాయి ముందే నిర్ణయించుకోవడం మేలు. లంకల వద్ద దిగినవారికి తిరుగు ప్రయాణానికి వాహనం వెంటనే దొరకకపోవచ్చు.

ముందుగా కాటన్ మ్యూజియం చూస్తే ఆనకట్ట నిర్మాణం, కాలువల అమరిక అవగాహనకు వస్తాయి. అటుపిమ్మట ఊరిలోని కొండపై గల జనార్దనస్వామి ఆలయాన్ని దర్శించవచ్చు. నవ జనార్దన క్షేత్రాలలో ఇది ఒకటి. అక్కడి నుంచి ఆనకట్ట మొదటికి వచ్చి తూర్పు కాలువ తల వద్ద లాకులు, తూములు చూడవచ్చు. వ్యవధి తక్కువగా ఉన్నవారు ఇక్కడి నుంచే వెనుదిరగడం ఉత్తమం.

వ్యవధి గలవారు ఆనకట్ట మీదుగా బొబ్బర్లంక చేరవచ్చు. అక్కడి నుంచి దారి పూతరేకులకు పేరొందిన ఆత్రేయపురం వైపు సాగుతుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. బొబ్బర్లంక నుంచి విజ్జేశ్వరం చేరి, కొవ్వూరు మీదుగా రోడ్డు కం రైలు వంతెన దాటి రాజమహేంద్రవరం తిరిగి రావడం మరొక మార్గం. వెళ్లిన దారినే తిరిగి రానవసరం లేని ఈ చుట్టుప్రయాణంలో గోదావరిని రెండు చోట్ల దాటవచ్చు. పూలమొక్కల నర్సరీలు చూడగోరేవారు ధవళేశ్వరం నుంచి వేమగిరి మీదుగా కడియం వెళ్లవచ్చు.

వేసవిలో మరమ్మతుల నిమిత్తం డెల్టా కాలువలకు నీరు నిలిపివేస్తారు. నిండు కాలువలు చూడదలచినవారు జూన్‌లో నీరు విడుదలైన తరువాత రావడం సముచితం.

నీటిమట్టం, హెచ్చరికలు

జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదావరికి వరదలు అధికం. ధవళేశ్వరం వద్ద వరద హెచ్చరికలు మూడు స్థాయిలలో జారీ అవుతాయి.

మొదటి ప్రమాద హెచ్చరిక: 11.75 అడుగులు, సుమారు 10 లక్షల క్యూసెక్కులు
రెండవ ప్రమాద హెచ్చరిక: 13.75 అడుగులు, సుమారు 13 లక్షల క్యూసెక్కులు
మూడవ ప్రమాద హెచ్చరిక: 17.75 అడుగులు, సుమారు 17 లక్షల క్యూసెక్కులు

1986 ఆగస్టు వరదలో ఇక్కడ ప్రవాహం 35 లక్షల క్యూసెక్కుల స్థాయికి చేరింది. భద్రాచలం వద్ద పెరిగిన వరద ఇంచుమించు ఒక రోజులో ధవళేశ్వరం చేరుతుంది. కనుక భద్రాచలం నీటిమట్టం మరునాటి ప్రయాణానికి ముందస్తు సూచన. అయితే శబరి నది భద్రాచలానికి దిగువన కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. భద్రాచలం వద్ద వరద నిలకడగా ఉన్నప్పటికీ శబరి పొంగితే ధవళేశ్వరం వద్ద నీరు పెరుగుతుంది. అందుచేత రెండు చోట్ల వివరాలనూ పరిశీలించాలి. హెచ్చరిక అమలులో ఉన్నప్పుడు లంకలలోకి, స్నానఘట్టాలలోకి దిగరాదు.

లాంచీ ఎక్కేవారికి

పూర్వం పాపికొండల లాంచీలు రాజమహేంద్రవరం రేవుల నుంచే బయలుదేరేవి. పోలవరం ప్రాజెక్టు వద్ద నదికి అడ్డంగా కట్టడాలు వచ్చిన తరువాత, ఎగువన దేవీపట్నం మండలంలోని గండి పోచమ్మ ఆలయం వద్ద లాంచీ ఎక్కవలసి వస్తోంది. అంతవరకు రోడ్డు ప్రయాణమే. విహారం ముగించుకొని అదే రోజు ధవళేశ్వరం కూడా చూడాలనుకుంటే చీకటి పడుతుంది. ఈ రెండింటికీ వేర్వేరు రోజులు కేటాయించుకోవడం శ్రేయస్కరం.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద లాంచీ మునిగిన దుర్ఘటనలో ప్రయాణికులు, సిబ్బంది 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. ఆనాడు నదిలో వరద ప్రవాహం ఉంది. అనంతరం 2020లో రాష్ట్రంలో తొమ్మిది చోట్ల బోటింగు కంట్రోలు రూములు ఏర్పాటయ్యాయి. వాటిలో గండి పోచమ్మ, రాజమహేంద్రవరం ఉన్నాయి. లైఫ్ జాకెట్టు ధరించడం, ప్రయాణికుల జాబితాలో పేరు నమోదైనదీ లేనిదీ చూసుకోవడం యాత్రికుల బాధ్యత కూడా.

ఆనకట్ట రోడ్డుపై జాగ్రత్తలు

ఈ దారి ప్రధానంగా నీటిపారుదల కట్టడం. 16వ జాతీయ రహదారి దీనికి దిగువన జొన్నాడ, సిద్ధాంతం వంతెనల మీదుగా పోతుంది. దూర ప్రయాణాల వారు ఆ రహదారిని ఉపయోగించడమే సరియైనది. 2015 జూన్ 13న తిరుపతి యాత్ర ముగించుకొని విశాఖపట్నం జిల్లాకు తిరిగి వెళ్తున్న వాహనం ఆనకట్టపై నుంచి కిందికి పడి 22 మంది మరణించారు. రాత్రివేళ, అలసిన డ్రైవరుతో ఈ దారిన రావడం క్షేమకరం కాదు. ఆనకట్టపై వాహనాన్ని ఆపి ఫోటోలు తీసుకోవడం ఇతర వాహనాలకు కూడా ప్రమాదకరం.

ఓడ ప్రయాణికులకు, పుష్కర యాత్రికులకు

విశాఖపట్నంలో 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అక్కడి నుంచి ధవళేశ్వరం సుమారు 200 కిలోమీటర్లు. రానుపోను ప్రయాణానికే పగలంతా పడుతుంది కనుక ఓడ ఒక్క పగలు మాత్రమే ఆగినప్పుడు ఈ యాత్ర తలపెట్టరాదు. రాజమహేంద్రవరంలో రాత్రి బస చేయగలవారికి ఇది అనుకూలం.

2015 జూలై 14న పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరంలో తొక్కిసలాట జరిగి 27 మంది ప్రాణాలు కోల్పోయారు. గోదావరి పుష్కరాలు తిరిగి 2027లో జరుగవలసి ఉన్నాయి. యాత్రికులందరూ ఒకే రేవుకు చేరకుండా ధవళేశ్వరం, కొవ్వూరు తదితర రేవులకు వెళ్లే దారులను ముందుగానే తెలియజేయడం అవసరం. యాత్రికులకు సమాచారం అందించే పాత్రికేయులు, అధికారులు చూడదగిన స్థలాల జాబితాతో పాటు ఆనాటి నీటిమట్టం, ఆనకట్టపై రాకపోకల స్థితి, తిరుగు ప్రయాణ సాధనం అనే మూడు అంశాలను కూడా కలిపి తెలియజేయవలసి ఉంటుంది.